నిద్రపోయే పిట్ట ముక్కు

మా వైపు వరి పొలాల్లో నత్తలు తినే కొంగ ఒకటి తిరుగుతుంది. నత్తగుల్ల కొంగ అంటాం. అది ముక్కు ఎంత గట్టిగా మూసినా నడిమధ్యలో ఒక సందు మిగిలిపోతుంది. పక్కనుంచి చూస్తే ఆ సందులోంచి అవతలి గట్టు కనిపిస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆ సందు ఉండదట, పెద్దయ్యేకొద్దీ ఏర్పడుతుందట. నా మూతికి మాత్రం పుట్టుకతోనే వచ్చింది. కొంగకు ఆ సందు జారిపోయే నత్తను పట్టుకోవడానికి పనికొస్తుంది. నాకెందుకు ఇచ్చారో నలభై ఏళ్ళు దాటినా తేలలేదు. నా సందులోంచి జారిపోయినవే తప్ప అందులో చిక్కినది ఒక్కటీ లేదు.

చదువు జారిపోయింది కూడా అందులోంచే. ఏడో తరగతిలో సైన్సు అయ్యవారు పక్షుల ముక్కుల పాఠం మొదలుపెట్టారు. బోర్డు మీద నాలుగు ముక్కులు గీసి, ముక్కు చూస్తే ఆ పక్షి ఏం తింటుందో, ఎక్కడ తింటుందో చెప్పేయొచ్చు అన్నారు. ఆయన ముక్కు కాస్త పొడుగు, కొస కిందికి వంగి ఉండేది. నేను లేచి, "అయితే మీరేం తిన్నారో చెప్పనా సార్?" అన్నాను. క్లాసంతా నవ్వింది. అయ్యవారు కూడా నవ్వారు. నవ్వుతూనే నన్ను బయట నిలబెట్టారు. బయట బాగుంది, గాలి వస్తోంది, రోడ్డు మీద పోయేవాళ్ళు పలకరిస్తున్నారు. ఆ ఏడాది తిరిగేసరికి నేను పూర్తిగా బయటికి వచ్చేశాను. పాఠంలో మిగతా సగం వినలేదు. దాన్ని చాలా ఏళ్ళ తర్వాత, మోకాలి లోతు బురదలో నిలబడి విన్నాను.

మా నాన్న రాగి గిన్నెలకు కళాయి వేసేవాడు. ఇంటింటికీ స్టీలు వచ్చి ఆ పని పడిపోయాక పెళ్ళిళ్ళకు డేగిశాలు అద్దెకిచ్చేవాడు. డేగిశా అంటే బిరియానీ వండే పెద్ద రాగి గుండిగ. లోపల కళాయి వెండిలాగా మెరుస్తూ ఉండాలి, లేకపోతే కూడు చిలుం పడుతుంది. నాన్న పోయాక డేగిశాలు నాకు మిగిలాయి. వాటిని మోయడానికి ఒక ట్రాలీ ఆటో కొనుక్కున్నాను. చేతివాటం మాత్రం మా అక్కకు పోయింది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నాకు వచ్చిన మాటలూ తనకు రాని మాటలూ కలిపి లెక్క వేస్తే మా ఇంట్లో సరిపోతుంది. రోజుకు పది మాటలు మాట్లాడుతుంది, పదీ నన్ను తిట్టడానికే.

మా వీధిలో ఒక ఇంట్లో బిడ్డకు పేరు పెట్టే విందు జరిగింది. వండటానికి పొద్దున్నే రావాల్సిన బావర్చి రాలేదు. మాంసం కొట్టి ఉంది, బియ్యం నానుతోంది, ఇంటాయన తల పట్టుకుని కూర్చున్నాడు. మా అక్క కొంగు నడుముకు దోపి గరిటె అందుకుంది. మా సాయిబుల్లో ఇంట్లో నలుగురికి వండేది ఆడవాళ్ళు, బయట వందమందికి వండేది మగవాళ్ళు. డేగిశా దగ్గర ఆడమనిషి నిలబడటం ఆ వీధి అంతవరకూ చూడలేదు. చూసింది, తిన్నది, మళ్ళీ పెట్టమన్నది. ఆ విందులో తిన్నవాళ్ళలో మా వీధికి చేపల బుట్ట తెచ్చే ఆవిడ ఉంది. మా ఊరి పక్కనున్న ఉప్పునీటి సరస్సుకు అవతల కుప్పం ఆమెది. సముద్రం పక్కన పడవలవాళ్ళ పల్లెను మేం కుప్పం అంటాం.

మూడు నెలల తర్వాత ఆవిడ బుట్ట లేకుండా వచ్చింది. వాళ్ళు కొత్త పడవ కొన్నారు, దాన్ని నీళ్ళలోకి దించే రోజున కుప్పానికంతా భోజనం పెడుతున్నారు.

"నూటయాభై మంది అక్కా. నువ్వే వండాల," అంది.

"మీ ఇంటాయన ఒప్పుకున్నాడా?" అని మా అక్క అడిగింది.

"ఆడమనిషి అంత పెద్ద గుండిగ తిప్పగలదా అన్నాడు. నడిసముద్రంలో వల లాగేది నువ్వు, ఇంటికొచ్చినాక నిన్ను లాగేది నేను, గమ్మునుండు అని చెప్పినా."

ఆవిడ వెళ్ళాక మా అక్క డేగిశాను బోర్లించి, అడుగున వేలితో కొట్టి మోత విని, నాతో అంది: "ఇది కుదిరితే ఇంకోటి వస్తది. ఇది చెడిందంటే, ఆడదానికి అప్పజెప్పినాం అందుకే ఇట్లా అయింది అంటారు. నేను మళ్ళీ నలుగురి గిన్నె దగ్గరికే పోతా. నీకు అర్థమైందా?"

"అర్థమైందక్కా."

"అర్థమైతే ఆ రోజు జోకులు ఇంట్లో పెట్టి రా."

కుప్పంలో బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతో బియ్యం వండితే పోపులో ఎన్ని వేసినా ఉప్పుకారం తిన్నట్టే ఉంటుంది. అందుకని అక్క ఇంటి దగ్గరే ముప్పాతిక వంతు ఉడికించి, మూతకు మైదా పిండి చుట్టి, గోనెసంచులు కప్పి, మిగిలిన దమ్ము అక్కడికి పోయాక పెడతానంది. రెండు డేగిశాలు, రెండు ఇనప పొయ్యిలు, సరుగుడు కట్టెల మోపు, బిరియానీలోకి దాల్చా పప్పు తపేలా, పెరుగు పచ్చడి. వీటి మధ్యలో గోనెసంచి మీద మా అక్క. మధ్యాహ్నం పన్నెండున్నరకు భోజనాలు. పదికి బయలుదేరాం. దారి ముప్పావు గంట. నేను ఈల వేసుకుంటూ తోలుతున్నాను.

సరస్సు కట్ట రోడ్డు ఎక్కేసరికి ఈల ఆగిపోయింది. సరస్సు అవతలి దీవినుంచి ముందురోజు పోవాల్సిన రాకెట్టు వాయిదా పడి, ఆ రోజుకు వచ్చింది. మా వైపు ఎవరూ రాకెట్టుకు భయపడరు. దాన్ని చూడటానికి వచ్చే కార్లకు భయపడతారు. కట్ట రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి, రెండు పక్కలా కార్లు. టాపుల మీద పిల్లలు, గొడుగుల కింద పెద్దలు, మధ్యలో ఐసు బండ్లు. పోలీసాయన చెయ్యి అడ్డం పెట్టి, "అది పోయిందాకా ఎవురూ కదిలేది లేదు," అన్నాడు.

"సార్, లోపల బిరియానీ ఉంది."

"పైన రాకెట్టు ఉంది," అన్నాడాయన.

వెనక్కి తిప్పుకుని కట్ట దిగాను. ఎండలు ముదిరే వేళకు సరస్సు ఉత్తరపు కొస ఎండిపోతుంది. నీళ్ళు వెనక్కి పోయి ఉప్పు పేరిన నేల తేలుతుంది. దాని మీద ట్రాక్టర్లు, బైకులు పోతుంటాయి. ట్రాక్టరు జాడ ఒకటి ఉంది గానీ అది పెద్ద వంపు తిరిగి పోతుంది. అడ్డంగా కోస్తే కుప్పం రెండు కిలోమీటర్లు. ఎదురుగా కొబ్బరి తోపు, పడవల జెండాలు కనిపిస్తూనే ఉన్నాయి.

"జాడలో పోరా," అంది అక్క వెనకనుంచి.

"జాడ పట్టుకుని పోయేది దారి తెలియనోళ్ళక్కా. నేను పిట్టల్ని చూసి పోతా."

ఈ మాట ఉత్త గొప్ప కాదు. దీని వెనక ఒక గురువుగారు ఉన్నారు. కుప్పంలో పీతలు పట్టే తాత. ఆయన పీతల బుట్టలు కొన్నేళ్ళుగా నా ఆటోలోనే బజారుకు వస్తాయి. పొద్దున్నే నేను పోయేసరికి తాత ఇంకా సరస్సులోనే ఉంటాడు. గట్టు మీద కూర్చుని ఆయన కోసం ఎదురుచూస్తుంటే, ఆయన మాత్రం బురదలో ఒకచోట చీలమండ దాకా, ఇంకోచోట తొడ దాకా దిగే చోట్లను తప్పించుకుంటూ, చెప్పు తడవకుండా నడిచి వచ్చేవాడు. ఎట్లా తాతా అంటే, "ఆటి ముక్కులు చూడు సాయిబూ," అనేవాడు.

తాతకు పక్షుల పేర్లు రావు. ఆయనకు అన్నీ ముక్కులే. గూడబాతుది సంచి ముక్కు. మూతి కింద బజారు సంచి వేలాడదీసుకుని తిరుగుతుంది. అది ఈదుతోందంటే అక్కడ పడవ తేలుతుంది, మనిషి మునుగుతాడు. ఊళ్ళకు ఊళ్ళు చూడటానికి వచ్చే ఫ్లెమింగోను తాత విరిగిన ముక్కు అంటాడు. నిజమే, తలుపు సందులో పడి నలిగినట్టు సగంలో కిందికి వంగి ఉంటుంది. తల తలకిందులు చేసి నీళ్ళు వడగట్టుకుంటుంది. అది నిలబడ్డ చోట నీళ్ళు మోకాలి దాకా, కింద జావ. ఇంకొకటి గరిటె ముక్కు. కొస పలకగా, వెడల్పుగా, అచ్చం మా అక్క చేతిలో గరిటెలాగా. నీళ్ళలో అటూ ఇటూ కలియబెడుతూ నడుస్తుంది. అది ఉన్నచోట పిక్క లోతు.

నేల మీద తిరిగే పిట్టల దగ్గరే తాత జాగ్రత్త అంతా. కొడవలి ముక్కు పిట్ట ఒకటుంది. ముక్కు దాని ఒంటిలో సగం పొడవు, కిందికి వంపు. తనకంటే పెద్ద పక్షి దగ్గర ముక్కు అరువు తెచ్చుకుని తిరిగి ఇవ్వనట్టు ఉంటుంది. అది ముక్కును మొదలంటా బురదలో దించి పురుగును లాగుతుంది. "అంత పొడుగు ముక్కు ఎందుకిచ్చినాడు దేవుడు? అంత లోతు మెత్తన గనక," అనేవాడు తాత. దాంట్లోనే చిన్న రకం ఉంది, పిచ్చుక కంటే కాస్త పెద్దది, ముక్కు చిన్న కొడవలి. అది ఉన్నా మెత్తనే. ఇక పొట్టి ముక్కు పిట్ట. అదే సైజు, అదే బూడిద రంగు, ముక్కు మాత్రం చీర పిన్ను కొసంత. ఉరుకుతుంది, ఆగుతుంది, నేల పైనుంచే టక్కున ఏరుకుంటుంది. లోపలికి పొడవదు, పొడిస్తే ముక్కు విరుగుతుంది. "దాని యెనకాల లారీ తోలుకోవచ్చు," అనేవాడు తాత.

ఈ పాఠం జరిగిన రోజున కూడా ఆయన చివర్లో, "అయితే ఒకటి గుర్తు పెట్టుకోవాల అబ్బయా..." అని ఏదో మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు నాకు ఒక మాట తట్టింది. "తాతా, నీ ముక్కు చూస్తే ఈడ ఎంత లోతుందో నాకు తెలిసిపోతా ఉంది," అన్నాను. ఆయన ముక్కు కూడా తక్కువది కాదు. తాత పళ్ళు లేని నోటితో పడీపడీ నవ్వాడు. ఆ నవ్వులో గుర్తు పెట్టుకోవాల్సింది కొట్టుకుపోయింది. ఆయన మళ్ళీ చెప్పలేదు, నేను మళ్ళీ అడగలేదు.

అందుకని ఆ రోజు ఎండిన సరస్సు మీద ఆటో ఆపి, టాపు మీద చెయ్యి ఆనించి, ఓడ నడిపేవాడిలాగా చూశాను. కుడివైపు దూరంగా ఫ్లెమింగోల గులాబీ గీత. అటు పోకూడదు. ఎడమవైపు కొడవలి ముక్కులు నాలుగు మేస్తున్నాయి. అటూ పోకూడదు. నట్టనడుమ, నేరుగా కుప్పం వైపు, బూడిద రంగు చిన్న పిట్టలు రెండు వందలుంటాయేమో, ఒద్దికగా నిలబడి ఉన్నాయి. గుండ్రటి ఒళ్ళు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు అనేదే కనపడటం లేదు.

"చూసినావా అక్కా? పొట్టి ముక్కులు. సిమెంటు రోడ్డంత గట్టి."

"రోడ్డంత గట్టిగుంటే అంతమంది ట్రాక్టర్లోళ్ళు వంపు ఎందుకు తిరగతా ఉండారు?"

"వాళ్ళకు తాత లేడు గదా."

తోలాను. మొదటి కిలోమీటరు బ్రహ్మాండంగా సాగింది. ఉప్పు పెచ్చులు టైర్ల కింద అప్పడాల్లాగా విరుగుతున్నాయి. నేను మళ్ళీ ఈల మొదలుపెట్టాను. పిట్టలు ఇంకా వంద గజాల దూరంలో ఉన్నాయనగా ముందు చక్రం ఒకసారి మెత్తగా నిట్టూర్చింది. గేరు మార్చాను. వెనక చక్రాలు రెండూ గిర్రున తిరిగి, నల్లటి బురద నా వీపు మీదా, మా అక్క ముఖం మీదా చల్లి, ఇరుసు దాకా దిగిపోయాయి. ఇంజను ఆగింది. దిగాను, నేను కూడా మోకాలి దాకా పోయాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది. నన్ను చూడలేదు. ముందు డేగిశాల మీద గోనెసంచి ఎత్తి, పిండి చుట్టు చీలిందేమో అని వేలితో చుట్టూ తడిమింది. చీలలేదు. అప్పుడు అడిగింది: "టైమెంత?"

"పదకొండుంబావు."

ఫోను తీశాను. కలవలేదు. కట్ట మీద అన్ని వేలమంది ఒకేసారి ఫోన్లు పైకెత్తి పట్టుకుని ఉంటే నా ఫోనుకు గాలి ఎక్కడ మిగులుతుంది? అక్క డేగిశా పక్కకు చెయ్యి ఆనించి చూసింది. వేడి తగ్గుతోంది. ముప్పాతిక ఉడికిన బియ్యం అట్లానే చల్లారితే పలుకు పలుకుగా ఉండిపోతుంది, ఆ తర్వాత ఎంత మంట పెట్టినా అడుగు మాడుతుందే గానీ పైన మెత్తబడదు. ఆ సంగతి నాకూ తెలుసు. తను అప్పటిదాకా ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. దాంతో నాకు భయం వేసింది. నిజంగా భయం. నా తమాషాకు నేను చాలాసార్లు పడ్డాను, అది అలవాటే. తనను పడేయడం అదే మొదటిసారి.

"అక్కా, నేను నడిచిపోయి ఎవురినన్నా..."

"నువ్వు యాడికీ పోవద్దు. ట్రాలీ తలుపు ఊడదియ్."

ఊడదీశాను. దాన్ని ఉప్పు నేల మీద పలకలాగా పరిపించింది. దాని మీద పొయ్యిలు పెట్టించింది. ఆటో దిగబడటం వల్ల ఒక్క మేలు జరిగింది, ట్రాలీ అంచు నేలకు జానెడు ఎత్తులోకి వచ్చింది. నాలుగు కట్టెలు వాలుగా వేసి డేగిశాలను ఒకదాని తర్వాత ఒకటి జార్చాం. సరుగుడు కట్టె ఎండింది, గాలి ఉంది, ఇట్టే అంటుకుంది. మంట రానిచ్చి, ఆ వెంటనే లాగేసి, నిప్పులు మాత్రం అడుగున పరిచి, కొన్ని చిప్పతో మూత మీద పోసింది. సరస్సు నడిబొడ్డున, చుట్టూ ఇల్లూ చెట్టూ లేనిచోట, మా అక్క మోకాళ్ళ కింద గోనె పరుచుకుని కూర్చుని దమ్ము పెట్టింది. నేను దాల్చా తపేలా పట్టుకుని పక్కన నిలబడ్డాను.

"ఆ పిట్టలు పొట్టి ముక్కులే అక్కా. నేల ఎట్లా మెత్తనైందో నాకు తెలియడం లే."

"గమ్మునుండరా. దమ్ము చప్పుడు ఇనిపించాల."

దమ్ము పట్టేటప్పుడు లోపల సన్నగా, చెవి దగ్గర పెడితే వాన దూరంగా కురుస్తున్నట్టు చప్పుడు వస్తుంది. అది ఆగే క్షణం పట్టుకుని నిప్పులు తీసేయాలి. అక్క చెవి వాల్చి కూర్చుంది. నేను నిజంగానే గమ్మునున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత గాలి చప్పుడు విన్నాను.

అప్పుడు లేచింది రాకెట్టు. ముందు వెలుగు, తెల్లటి తోక. కట్ట మీద జనం కేకలు సన్నగా వినిపించాయి. కాసేపటికి మోత వచ్చింది. కాళ్ళ కింద బురద గిన్నెలో పెరుగులాగా వణికింది. నేను నోరు తెరిచి పైకి చూశాను. అక్క ఒకసారి కూడా తల ఎత్తలేదు. చేతులకు గోనె చుట్టుకుని మూత అంచు అదిమి పట్టుకుంది, పిండి చుట్టు ఊడుతుందేమో అని.

ఆ మోతకు మా ముందున్న రెండు వందల పిట్టలూ ఒక్కసారి లేచాయి. పొగలాగా పైకి పోయి, తిరిగి, తెల్లగా ఒకసారి, బూడిదగా ఒకసారి మెరిసి, మళ్ళీ అదే చోట వాలాయి. వాలి, ఇక నిద్ర పట్టదనుకున్నాయో ఏమో, మేత మొదలుపెట్టాయి. నేను చూస్తూనే ఉన్నాను. ప్రతి పిట్టకీ ముక్కు ఉంది. పొడుగ్గా, కొస వంచి, చిన్న కొడవలి. మొదలంటా బురదలోకి దించుతున్నాయి, తీస్తున్నాయి, మా ఇంట్లో కుట్టుమిషను సూదిలాగా. ఇంతసేపూ ఆ ముక్కుల్ని వెనక్కి తిప్పి వీపు మీద ఈకల్లో దోపుకుని నిద్రపోయాయి. నాకు కనపడింది ముక్కు లేని గుండ్రటి ఒళ్ళు మాత్రమే.

అక్క కూడా చూసింది. "ఏరా, ఇయేనా పొట్టి ముక్కులు?"

నేను దాల్చా తపేలా మూత సర్దాను.

రాకెట్టు కనుమరుగైన పది నిమిషాలకు కట్ట మీద కార్లు కదిలాయి. వరసగా, చక్కగా, హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. అక్కడే ఆగి ఉంటే మేం కూడా వాటి మధ్యలో ఈల వేసుకుంటూ పోయేవాళ్ళం. అక్క అటు చూసి, నన్ను చూసి, మళ్ళీ డేగిశాకు చెవి వాల్చింది.

మా పొగ చూసి ముందుగా వచ్చింది తాతే. పీతల గాలం కర్ర చేతిలో పట్టుకుని, నేరుగా కాక, ఎడమకు నాలుగడుగులు, కుడికి పది అడుగులు, ఎవరితోనో తొక్కుడుబిళ్ళ ఆడుతున్నట్టు వచ్చాడు. చెప్పులు పొడిగానే ఉన్నాయి.

"ఈడెందుకు పెట్టినారు పొయ్యి?" అన్నాడు.

"నీ శిష్యుణ్ణి అడుగు తాతా," అంది అక్క.

నేను జరిగింది చెప్పాను. తాత పిట్టల్ని చూశాడు, ఆటోను చూశాడు, తల ఊపాడు. "మేసే పిట్ట మాటే నమ్మాల అబ్బయా. నిద్రపొయ్యే పిట్ట సాక్ష్యం చెల్లదు. నిద్రపొయ్యేదానికి ముక్కుండదు. ఆ రోజు చెప్పబోయినా గదా. నువ్వేదో జోకేసినావ్, నేను నవ్వినా, అంతే, ఇద్దరం మర్చిపోయినాం."

"ఇప్పుడు గుర్తుండిపోద్దిలే తాతా," అంది అక్క. "ఎనిమిది మందిని పంపించు. తెడ్లు తెమ్మను."

వచ్చారు. కొత్త పడవకు చేయించిన తెడ్లే తెచ్చారు, ఇంకా నీళ్ళు తగలనివి. డేగిశా కడియాల్లోంచి రెండు తెడ్లు దూర్చి, ఒక్కోదాన్ని నలుగురు ఎత్తారు. ముందు తాత నడుస్తూ, దూరంగా నిజంగా ఉరుకుతూ ఏరుకుంటున్న పొట్టి ముక్కుల్ని చూసుకుంటూ దారి పట్టాడు. వెనక డేగిశాలు రెండు, పల్లకీల్లాగా. ఆ వెనక మా అక్క, నిప్పుల చిప్ప పట్టుకుని. అందరికంటే వెనక దాల్చా తపేలా నెత్తిన పెట్టుకుని నేను. ఆ పూట నాకు ఇచ్చిన హోదా అది.

కుప్పం చేరేసరికి ఒంటిగంట దాటింది. పడవకు పూజ అయిపోయింది, పసుపు రాసిన ముక్కు నీళ్ళవైపు పెట్టి నిలబెట్టారు. జనం ఆకలి మీద ఉన్నారు, ఆకలి మీద ఉన్నవాళ్ళు మాట్లాడరు. పడవ ఇంటాయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చేపలావిడ ముఖం పాలిపోయి ఉంది. మాట ఇచ్చింది ఆవిడ గదా.

అక్క కత్తి కొసతో పిండి చుట్టు కోసింది. మూత ఎత్తింది. ఆవిరి ఒక్కసారి పైకి లేచి, గాలికి కుప్పం మీదుగా పోయింది. ఆ ఆవిరి పోయిన వైపల్లా తలలు తిరిగాయి. అక్క రెండు మెతుకులు వేళ్ళ మధ్య నలిపి చూసింది. నేను ఆమె వేళ్ళనే చూస్తున్నాను. మెతుకు విడివిడిగా, మెత్తగా నలిగింది. అక్క ఊపిరి వదిలింది. అప్పుడే నేనూ వదిలాను.

ఒక డేగిశా అడుగున కొంచెం మాడింది. అక్క దాచలేదు. "ఇది అడుగంటింది, అడుగు కలపబాకండి," అని తనే చెప్పింది. పిల్లలు ఆ మాడే గీకి పెట్టమని చుట్టూ చేరారు. ఇంటాయన ముందుగా తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి అక్క ముందు నిలబడి, "అక్కా, కూడు బాగుండాది," అన్నాడు. తర్వాత తొడల దాకా ఎండిన బురదతో ఉన్న నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "తోలేదానికి ఇంకెవురూ దొరకలేదా?" అన్నాడు.

ఆటోను సాయంత్రం ట్రాక్టరు పెట్టి లాగారు. దాన్ని లాగినవాడు ఆ వంపు జాడలోనే వచ్చాడు.

నెల తిరక్కముందే పక్క కుప్పం నుంచి అక్కకు కబురు వచ్చింది, పుష్పవతి అయిన పిల్లకు విందు. తర్వాత వాకాడు వైపునుంచి ఒకటి. "తెడ్ల మీద మోసుకొచ్చిన బిరియానీ ఆమె" అని చెప్పుకుంటున్నారట. ఇప్పుడు మా ఇంటి ముందు డేగిశాలు నాలుగయ్యాయి, వాటికి కళాయి నేనే వేస్తాను, నాన్న దగ్గర చూసింది చేతికి గుర్తుంది. ఆటో కూడా నేనే తోలుతున్నాను గానీ దారి అక్క చెబుతుంది. తాత దగ్గరికి పోయినప్పుడు ఆయన చెప్పేది చివరిదాకా వింటున్నాను. చివరి మాట అయ్యాక ఒకటి నుంచి పది లెక్కపెట్టి అప్పుడు జోకు వేస్తున్నాను.

ఆ కథ మాత్రం వదల్లేదు. ఏ విందుకు పోయినా, మూత తెరిచేలోపు డేగిశా చుట్టూ ఆకలితో నిలబడే నలుగురైదుగురికి కాలక్షేపంగా చెబుతాను. చెప్పిన ప్రతిసారీ పిట్టల తెలివి కాస్త పెరుగుతుంది, నా తప్పు కాస్త తగ్గుతుంది. మొన్న వాకాడు వైపు విందులో అయితే, అవి నన్ను దూరంనుంచే చూసి, కూడబలుక్కుని, అన్నీ ఒక్కసారి ముక్కులు దాచుకున్నాయన్నంత దూరం పోయాను.

"పిట్టలే అన్నా, మోసం చేసినాయి. ముక్కు కనపడనిస్తే నేను ఎందుకు పోతా?"

జనం నవ్వుతున్నారు. అక్క పిండి చుట్టు కోస్తోంది. తల తిప్పకుండానే అంది:

"వాటిని అనబాకరా. అవి నిద్రపొయ్యేటప్పుడన్నా మూతి రెక్కల్లో పెట్టుకుంటాయి. నువ్వు నిద్రలో కూడా తెరిచే పడుకుంటావు గదా."